ఎండుమేతకు ఒక వేళ



అయ్యగారు ఈ వారం గడ్డి గురించి రాస్తున్నారేమిటి అనుకోవద్దు. మన సంఘంలో చాలా ఇళ్లు పాల డబ్బుతోనే నడుస్తున్నాయి. వరికోతల ముందు చేలల్లో చల్లిన పిల్లిపెసర ఇప్పుడు పూతకు వచ్చింది. ఎండాకాలం కాలువలు కట్టేశాక పచ్చిమేత దొరకదు. అప్పుడు గేదె ముందు వేసేది వరిగడ్డి, దానితో పాటు ఇప్పుడు మనం ఎండబెట్టి దాచుకున్నది.

మా నాన్న ఎండుమేత రంగు చూసి, ఎండబెట్టిన మనిషి ఎలాంటివాడో చెప్పేవాడు. అందులో నిజముంది. కోసిన మొక్క వెంటనే చచ్చిపోదు. పచ్చిమేతలో నూటికి 75 నుంచి 80 పాళ్లు నీరే. అది సుమారు 40 పాళ్లకు దిగేదాకా మొక్క ఊపిరి తీస్తూనే ఉంటుంది, అందుకోసం తనలోని చక్కెరను ఖర్చు చేసుకుంటూ ఉంటుంది. కోసిన మేత ఎంతసేపు పచ్చిగా పడి ఉంటే, గేదెకు రావలసిన బలం అంత తగ్గుతుంది. అందుకే మొదటి రోజే పలచగా పరచాలి. మందంగా పోస్తే పైది ఎండుతుంది, కిందది మగ్గిపోతుంది. మధ్యలో వాన పడితే ఉన్న సారం కూడా కడుక్కుపోతుంది.

తొందర ఉంది కదా అని మిట్టమధ్యాహ్నం తిరగేయకూడదు. కాడ కంటే ఆకు ముందు ఎండుతుంది, మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆ ఆకులోనే. ఎండలో కదిలిస్తే ఆకు పొడిపొడిగా రాలిపోయి చేతికి పుల్లలు మిగులుతాయి. పొద్దున్నే కాస్త మంచు చెమ్మ ఉండగా మెల్లగా తిరగేయాలి. ఆకు బాగా వాడాక గాలాడేలా చిన్న కుప్పలు వేసుకోవాలి.

వామి వేసేనాటికి నీరు 15 పాళ్లకు మించి ఉండకూడదు. కొలిచే యంత్రం మన దగ్గర లేదు కాని గోరు ఉంది. కాడను గోటితో గీకితే తొక్క ఊడి వస్తే ఇంకా ఆరలేదన్నమాట. తడిమేత వామి వేస్తే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. ఒక్కోసారి వామి తనంతట తానే అంటుకుంటుంది. బూజు పట్టిన మేత తిన్న చూడి గేదె ఈసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఏడాది మన సంఘంలో ఒక మాట దొర్లింది. భర్త లేని ఒక అక్కకు రెండు గేదెలు, అందులో ఒకటి చూడిది. ఆవిడ కౌలు చేలో పిల్లిపెసర శుక్రవారం కోసింది. ఆదివారం పొద్దున్నే మబ్బు పట్టింది. ఆవిడ ఆరాధనకు రాకుండా కూతురిని వెంటబెట్టుకుని చేలోకి వెళ్లింది. వాన పడేసరికి ఇద్దరూ కలిసి మేతంతా కుప్పలు వేసి కప్పేశారు. ఇక్కడ మాత్రం ఆరాధన ముగిశాక ఎవరో, "గడ్డికున్న విలువ దేవుడికి లేకపోయిందా?" అన్నారు. ఆ మాట ఆవిడ దాకా వెళ్లింది. మర్నాడు మా గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారూ, నేను పాపం చేశానా?" అని అడిగింది.

నేను లూకా సువార్త 14వ అధ్యాయం తీశాను. విశ్రాంతి దినాన మీ ఎద్దు బావిలో పడితే వెంటనే పైకి తీయరా అని యేసుప్రభువు అడిగింది అక్కడే. విన్నవాళ్ల దగ్గర జవాబు లేదు. బావిలో పడ్డ ఎద్దు అందరికీ కనబడుతుంది. మే నెలలో డొక్కలెండిపోయే గేదె ఫిబ్రవరి ఆదివారం నాడు ఎవరికీ కనబడదు. ఆవిడకు కనబడింది. సామెతలు 27వ అధ్యాయం చివర కూడా చూడండి. మందల మీద మనసు పెట్టమని చెప్పి, కోసి దాచిన గడ్డి గురించి, ఇంటిల్లిపాదికీ సరిపోయే పాల గురించి చెబుతుంది. మేత దాచడం దేవుడికి పట్టని పని అయితే ఆ మాటలు అక్కడ ఎందుకుంటాయి?

దీన్ని సాకు చేసుకోవద్దని యువకులకు మనవి. క్రికెట్ మ్యాచ్ బావిలో పడ్డ ఎద్దు కాదు.

కాబట్టి ఈ ఏడాది ఇలా చేద్దాం. ఎవరి మేతైనా చేలో ఉండగా ఆదివారం మబ్బు పడితే ముందే కబురు చెప్పండి. ప్రార్థన చేసుకుని అందరం చేలోకే వెళదాం, వాక్యం సాయంత్రం చెప్పుకుందాం. క్రిస్మస్ పందిరికి కొన్న బరకాలు మందిరంలో ఊరికే ఉన్నాయి, తీసుకెళ్లండి. వాన వెలిసిన వెంటనే మాత్రం బరకం తీసి గాలి తగలనివ్వండి. తడిని మూసిపెడితే వానలో వదిలేసినంత నష్టం.

ఆ అక్క గేదె జూన్‌లో సుఖంగా ఈనింది. మొదటి జున్ను మా ఇంటికి వచ్చింది. ఆ రోజు మాట అన్నవారింటికి కూడా ఒక గిన్నె వెళ్లిందని తర్వాత తెలిసింది.

ప్రభువు మీ చేతుల కష్టాన్ని, మీ పశువులను దీవించును గాక. ఆమేన్.