జంపన్నవాగు ఒడ్డున

బాలలూ! మేడారం పేరు మీరు వినే ఉంటారు. హనుమకొండలో బస్సెక్కితే ములుగు, పస్రా మీదుగా సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2019 నుంచి ములుగు జిల్లాలో ఉన్నది. పస్రా దాటితే చుట్టూ అడవే.

రెండేళ్ల కొకసారి మాఘ పున్నమి రోజుల్లో ఇక్కడ సమ్మక్క సారలమ్మల జాతర జరుగుతుంది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్క గద్దెల మీదికి వస్తారు. ఇక్కడ విగ్రహాలు లేవు. జనం తమ ఎత్తు బెల్లం తూచి సమర్పిస్తారు. ఆ బెల్లాన్నే ‘బంగారం’ అంటారు.

నేను జాతర లేని రోజుల్లో వెళ్లాను. జంపన్నవాగు సన్నగా పారుతున్నది. కాకతీయ సేనలతో పోరాడి, సమ్మక్క కొడుకు జంపన్న ఈ వాగులోనే ప్రాణం విడిచాడనీ, అతని నెత్తురుతో నీళ్లు ఎర్రబడ్డాయనీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ ఒడ్డున కూర్చోగానే నాకు మరొక నెత్తురు కథ జ్ఞాపకం వచ్చింది.

నేను ఒక అడవి పల్లె బడిలో హెడ్మాస్టరుగా ఉండగా, ఒక కోయ పిల్లవాడు తరచు బడి మానేసేవాడు. చలికాలంలో వాగులో ఈత కొట్టి వచ్చాడంటే మర్నాడు, ‘కాళ్లు నొప్పి సారూ’ అని మూలిగేవాడు. ఎగవేతగాడనుకొని ఒకనాడు వాణ్ణి ఎండలో నిలబెట్టాను. వాడు ఏడవలేదు, నిలబడలేక కూలిపోయాడు. ఆస్పత్రిలో డాక్టరుగారు వాడి రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూపించారు. గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణాలు కొడవళ్లలాగా వంగి ఉన్నాయి! ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు.

ఈ జబ్బును సికిల్ సెల్ అంటారు. మన రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తు. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక చిన్న తప్పు దొర్లితే కణాలు కొడవళ్లవుతాయి. అవి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని భరించరాని నొప్పి పుట్టిస్తాయి. మంచి ఎర్రకణం 120 రోజులు బ్రతికితే, ఇది 10, 20 రోజులే బ్రతుకుతుంది. అయితే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ తప్పు వచ్చినవారికి సాధారణంగా జబ్బు రాదు. పైగా మలేరియా నుంచి కొంత రక్షణ కలుగుతుంది. దోమలుండే అడవి ప్రాంతాల్లో ఇది నిలిచిపోవటానికి కారణం అదే. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు.

ఇక్కడొక వింత ఉన్నది. ఈ జబ్బు ఉన్న పసిబిడ్డ పుట్టిన కొత్తలో హాయిగా ఆడుకుంటాడు! ఎందుకంటారా? తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. అది కణాలను వంగనివ్వదు. పుట్టిన తరువాత కొన్ని నెలలకు అది తగ్గిపోయి, పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ వస్తుంది. అప్పుడు మొదలవుతుంది బాధ. పసిబిడ్డల రక్తంలోని ఈ విశేషాన్ని 1948లో న్యూయార్కులో జానెట్ వాట్సన్ అనే డాక్టరు కనిపెట్టింది.

మరి ఆ పాత హిమోగ్లోబిన్ తయారీని ఆపుతున్నదెవరు? 2008లో బోస్టన్ నగరంలో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ మొదలైన శాస్త్రజ్ఞులు దాని జాడ తీశారు. అది బి.సి.ఎల్.11ఎ అనే జన్యువు. జన్యువు ఒక పాఠం వంటిది. కణం దానికి నకలు రాసుకొని, ఆ నకలు చూసి మాంసకృత్తు తయారుచేస్తుంది. బి.సి.ఎల్.11ఎ నుంచి వచ్చే మాంసకృత్తు రక్తంలో ప్రాణవాయువు మోయదు. హెడ్మాస్టరులాగా, ‘ఆ పాఠం నకలు ఇక చాలు!’ అని మాత్రం అంటుంది. దాంతో పసితనపు హిమోగ్లోబిన్ ఆగిపోతుంది.

ఆ హెడ్మాస్టరు నోరు నొక్కితే? శాస్త్రజ్ఞులు అదే చేశారు. రోగి ఎముక మూలుగ నుంచి వచ్చే మూలకణాలను తీసి, వాటిలో ఈ జన్యువు జోరు తగ్గించి, మళ్లీ శరీరంలోకి ఎక్కించారు. పసితనపు హిమోగ్లోబిన్ తిరిగి వచ్చింది! ఈ చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించాయి. కాని అమెరికాలో దాని ధర సుమారు 22 లక్షల డాలర్లు. ఎవరి ఎత్తు బంగారం తూచితే వస్తుందది?

అందాకా మనం చేయగలిగింది లేకపోలేదు. హైడ్రాక్సీయూరియా అనే మందు చాలామందికి నొప్పులు తగ్గిస్తుంది. నీళ్లు బాగా తాగాలి. చలిలో, చల్లని నీళ్లలో జాగ్రత్తగా ఉండాలి. 2047 నాటికి ఈ జబ్బును రూపుమాపాలని మన ప్రభుత్వం 2023 జులై 1న ఒక పథకం మొదలుపెట్టింది. పరీక్షకు కావలసింది ఒక్క రక్తపు చుక్క.

పొద్దు వాలింది. నేను లేచి వాగు నీళ్లతో ముఖం కడుక్కున్నాను. ఆనాడు ఆ పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టే ముందు, ‘ఎక్కడరా నొప్పి?’ అని ఒక్క మాట అడగవలసింది. బాలలూ, మీ తరగతిలో ఎవడైనా తరచు బడి మానేసి, నొప్పులని మూలిగితే మీరు నవ్వకండి. ఆ ఒక్క మాటా అడగండి.