బలపం గీత

మాది మార్కాపురం. పలకల ఊరు కాబట్టి మా ఇంట్లో బలపాలకి కరువు లేదు. 2006 వేసవి సెలవుల్లో తాత వాళ్ల ఊరు వెళ్లినప్పుడు కూడా నా నిక్కరు జేబులో రెండు బలపాలున్నాయి. కంభం దాటి గిద్దలూరు వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఊరు. తాతకి అక్కడ రెండెకరాల బత్తాయి తోట. వెలిగొండ నీళ్లొస్తాయని వినీ వినీ విసిగి, ఆ ఏడు అప్పు చేసి బోరు వేయించాడు.

మోటారు దించడం రోజంతా పట్టే పని. ఇరవై అడుగుల ఇనప పైపుకి ఇంకో పైపు బిగిస్తూ, మూడు కాళ్ల స్టాండుకి వేలాడే చైను మీద కొంచెం కొంచెం కిందికి వదలాలి. మోటార్లు దించే ఆయనా, మా మామా పైపు పానాలతో బిగించేవాళ్లు. మరలు పూర్తిగా సాకెట్ లోపలికి పోయాయో లేదో చూసి, పైపునీ సాకెట్‌నీ కలుపుతూ బలపంతో ఒక గీత గీయడం నా పని. గీత పడితేనే పైపు బోరులోకి దిగుతుంది.

"సూసినావా అబ్బయ్యా?"

"ఆఁ, సూసినా."

ఆరేడు పైపుల దాకా నిజంగానే చూశాను. తర్వాత ఎండ, విసుగు. గీతలు మాత్రం ఇరవై పైపులకీ గీశాను.

జులైలో నీళ్లు ఆగిపోయాయి. ఆదివారం మేమూ వెళ్లాం. పైకి లాగితే పన్నెండు పైపులే వచ్చాయి. మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ పైపు మొత్తం ఒక్క కుదుపు కుదుపుతుంది. సరిగ్గా బిగియని మర ఆ కుదుపుకి రోజూ కాస్త కాస్త వదులవుతుంది. చివరికి కేబులు కూడా తెగి, మోటారు ఎనిమిది పైపులతో సహా అడుక్కి పోయింది. ఇనప తాడు కట్టి ఉంటే ఆగేదేమో, ఆ ఖర్చు తాతే వద్దన్నాడు. తాత ఆ మోటారాయన్ని నానా మాటలూ అన్నాడు. ఆయన తల వంచుకుని కూలి డబ్బులు తిరిగిచ్చి వెళ్లాడు. నీళ్లలో బలపం గీత మిగలదు కదా, నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు, జులై 10, సాయంత్రం మార్కాపురంలో టీవీ చూస్తున్నాం. శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్02 లేచింది, ఇన్శాట్-4సీని మోసుకుని. నిమిషం గడిచేసరికి అది పొగ, మంట, ముక్కలు. బంగాళాఖాతంలో పడిపోయింది. నాన్న "అయ్యో" అన్నాడు. నాకు మాత్రం కడుపులో అదోలా అయింది.

కారణం తర్వాత తేలింది. చుట్టూ ఉన్న నాలుగు స్ట్రాపాన్ ఇంజన్లలో ఒకటి, రాకెట్ లేచిన 0.2 సెకన్లకే శక్తి కోల్పోయింది. అందులో ఇంధనాన్ని నియంత్రించే రెగ్యులేటర్, మూసి ఉన్నప్పుడు కూడా వదలాల్సిన దానికంటే ఎక్కువ వదిలింది. తయారీలో తెలియక జరిగిన పొరపాటు అయ్యుండొచ్చన్నారు. ఆ తర్వాతి తనిఖీలూ పరీక్షలూ కూడా దాన్ని పట్టుకోలేకపోయాయి. ఇవన్నీ కాలేజీలో ఉండగా చదివాను. 'తనిఖీ' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అప్పట్నుంచి ఇలాంటివి వెతికి చదవడం అలవాటైంది. 2013లో రష్యా ప్రోటాన్ రాకెట్‌లో కొన్ని సెన్సర్లు తలకిందులుగా బిగించారు. పై వైపు ఎటో చూపించే బాణం గుర్తు వాటి మీదే ఉంది! కానీ నా నిద్ర చెడగొట్టింది నోవా-ఎన్ ప్రైమ్. అమెరికా వాతావరణ ఉపగ్రహం. 2003 సెప్టెంబర్ 6న, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, నిలువుగా ఉన్నదాన్ని పక్కకి వంచుతుంటే నేల మీద పడిపోయింది. దాన్ని స్టాండుకి పట్టి ఉంచాల్సిన 24 బోల్టులు అక్కడ లేవు. అంతకుముందు వేరేవాళ్లు తీసేశారు, తీసినట్టు ఎక్కడా రాయలేదు. బోల్టులున్నాయో లేదో చూడాలని పద్ధతిలో ఉంది. కళ్లతో చూడకుండానే, పాత కాగితాల్ని నమ్మి సరే అనుకున్నారు. ఖాళీ రంధ్రాలు అక్కడున్న ఒకాయన కంటబడ్డాయి, ఆయన ఆ మాట అన్నాడు కూడా. ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని బాగుచేసి పైకి పంపేసరికి 2009 వచ్చింది.

రాకెట్లు కట్టేచోట కూడా, బోల్టు బిగించాక దాన్నీ పక్కనున్న లోహాన్నీ కలుపుతూ రంగుతో గీత గీస్తారు. తర్వాత బోల్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. అంతవరకే. మొదటే వదులుగా ఉన్నదాని మీద గీసినా గీత అంతే తిన్నగా ఉంటుంది.

పోయిన సంక్రాంతికి కంభంలో టీ కొట్టు దగ్గర ఆ మోటారాయన కనిపించాడు. జుట్టంతా నెరిసింది. "మీ తాత పోయినాడంట గదా" అన్నాడు. నేను ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు.

"నువ్వు పిల్లోడివి. గీత పడింది గదా అని నేను రెండోసారి పానా ఎయ్యలా. నేనన్నా ఎయ్యాల గదా?"

ఆ రోజు కూలి ఎంతో అడిగాను. చెప్పలేదు. నా టీకి కూడా ఆయనే డబ్బులిచ్చాడు.