రామదాసును బంధించిన రాజు ఏమయ్యాడు?

గోల్కొండలో రామదాసు బందీఖానా చూడని తెలుగువాళ్లు తక్కువే. నార్సింగిలో ఉండే మాకైతే అది అరగంట ప్రయాణం. ఊరి నుంచి చుట్టాలొస్తే చాలు, కారెక్కించి తీసుకెళ్లడమే! మందపాటి గోడలు, చీకటి గది, రాతి మీద రామదాసే చెక్కాడని చెప్పుకునే దేవుళ్ల బొమ్మలు... అక్కడ నిలబడి మా అత్తయ్య కథ మొదలుపెడతారు. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడాడని కంచర్ల గోపన్నను తానీషా పన్నెండేళ్లు ఇక్కడే ఉంచాడనీ, చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారనీ చెబుతారు. అక్కడితో కథ కంచికి!

‘మరి తానీషా ఏమయ్యాడు నానమ్మా?’ అన్నాడు ఓసారి మా తొమ్మిదేళ్ల వాడు. ఆవిడ నా వైపు చూశారు. నేను మావారి వైపు చూశాను.

డిసెంబరు సెలవులకి ఎల్లోరా వెళ్దామని అప్పటికే అనుకుంటున్నాం. ఆ దారిలోనే ఉంది దౌలతాబాద్ కోట, వాడి ప్రశ్నకు జవాబు కూడా. మోకాళ్ల నొప్పులని అత్తయ్య రానన్నారు. మేం ముగ్గురం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందు వెళ్లే కారు ఎర్రదీపాలు తప్ప ఏమీ కనిపించనంత మంచు! ముత్తంగి దగ్గర దిగి, జహీరాబాద్ దాటేసరికి ఎండ వచ్చింది. బీదర్, లాతూర్, బీడ్... దారి పొడవునా కోతకొచ్చిన కందిచేలు, చెరకు ట్రాక్టర్లు. రాత్రికి ఛత్రపతి శంభాజీనగర్‌లో మకాం. 2023 వరకూ దాని పేరు ఔరంగాబాదే. సుమారు 550 కిలోమీటర్లు కారులో వెళ్తేనే నడుములు పట్టేశాయి. బందీగా వెళ్లినవాడికి ఎలా ఉండి ఉంటుందో!

మర్నాడు పొద్దున్నే కోటకెళ్లాం. చుట్టూ నిలువుగా చెక్కేసిన కొండ. తుగ్లక్ ఢిల్లీ నుంచి రాజధానిని మార్చింది ఇక్కడికే. పైకి వెళ్లే దారిలో చీనీమహల్ అనే పాడుపడిన మేడ ఉంది. గోడలకు అక్కడక్కడా నీలిరంగు పెంకులు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఒకప్పుడు ఎంత అందంగా ఉండేదో! తానీషా చెర ఇదే.

ఔరంగజేబు 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగులతో లొంగని కోట లోపలివాడి ద్రోహంతో లొంగింది. లంచం తిన్న అధికారి రాత్రివేళ తలుపు తెరిచాడు. పట్టుకోవడానికి మొగలు సర్దార్లు వస్తే తానీషా తొణక్కుండా భోజనం తెప్పించుకుని తిన్నాడని ఖాఫీఖాన్ రాశాడు. ఆ తర్వాత ఇక్కడికి తెచ్చారు. 1699లో చనిపోయేదాకా బందీగానే ఉన్నాడు. అంటే సుమారు పన్నెండేళ్లు! లెక్క చూసుకుని మావారు, నేను ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

‘ఈయన్ని ఎవరు విడిపించారమ్మా?’ అన్నాడు మావాడు.

‘ఎవరూ రాలేదు నాన్నా.’

వాడు కాసేపు మాట్లాడలేదు. పైన ‘అంధేరీ’ అనే చీకటి సొరంగం వచ్చాక మళ్లీ హుషారు! గబ్బిలాల కంపు, చేయి చాపితే చేయి కనిపించదు. టార్చి మర్చిపోకండి.

ఎల్లోరా వెళ్తూ ఖుల్దాబాద్‌లో ఆగాం. కుతుబ్‌షాహీల పెద్ద పెద్ద గుమ్మటాలన్నీ మన గోల్కొండ పక్కన ఉంటే, చివరి సుల్తాన్ ఒక్కడే ఇక్కడ మామూలు సమాధిలో ఉన్నాడు. చిత్రమేమిటంటే, ఆయన్ను బంధించిన ఔరంగజేబు సమాధీ ఈ ఊళ్లోనే. దానికీ గుమ్మటం లేదు.

ఇంటికొచ్చి ఫొటోలు చూపిస్తే అత్తయ్య చీనీమహల్ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగారు. ‘అయ్యో పాపం’ అన్నారు. సంక్రాంతికి చుట్టాలొచ్చారు. బందీఖానా ముందు ఆవిడ మామూలుగానే కథ మొదలుపెట్టారు. ఈసారి మాత్రం మొహరీల దగ్గర ఆపలేదు.