రెండు వేలు తగ్గించి చెప్పాను

"ఎంతైందేమిటి?" అని మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అడిగారు.

"రెండు వేల ఎనిమిది వందలు" అన్నాను.

నిజానికి నాలుగు వేల ఎనిమిది వందలు. నోరు తెరిచేలోపు అబద్ధం దానంతటదే వచ్చేసింది. ఆ డబ్బు ఆయనది కాదు. నా ఖర్చుల లెక్క ఎప్పుడూ అడిగిన మనిషీ కాదు. "ఊఁ, బాగున్నాయి" అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. నేనే వంటింట్లోకి వచ్చి, షూ డబ్బా మీదున్న ధర కాగితాన్ని గోటితో గీకడం మొదలుపెట్టాను. సగం ఊడింది, సగం ఊడలేదు.

చీరల విషయంలో ఈ విద్య మనందరికీ వచ్చినదే కదా. ధర మొగుడికి తగ్గించి చెప్పాలి, తోడికోడలికి పెంచి చెప్పాలి. నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కానీ నలభై నాలుగేళ్ళ వయసులో పరుగెత్తే షూస్‌కి కూడా అదే చేస్తాననుకోలేదు.

అసలీ పరుగు గోల ఎలా మొదలైందో చెప్పాలి. కిందటేడు రక్త పరీక్షలో నా మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చింది. 6.5 దాటితే షుగర్ వచ్చినట్టేనట, నాది గుమ్మం దగ్గర నిలబడి ఉందన్నమాట. మా అమ్మకి షుగర్. అమ్మమ్మకీ ఉండేదేమో, ఆ రోజుల్లో ఎవరు చూశారు! డాక్టరమ్మ "నడవండి" అంది. మా కాలనీ పార్కులో నడక మొదలుపెట్టాను. హైదరాబాదు పార్కుల సంగతి మీకు తెలిసిందే. పొద్దున్నే అక్కడికొచ్చే పెద్దవాళ్ళలో సగం మంది నేత చీర మీద, పంచె మీద తెల్లగా మెరిసే అమెరికా షూస్ వేసుకుని ఉంటారు. పిల్లలు సూట్‌కేసులో బాదంపప్పుతో పాటు పెట్టి తెచ్చినవి. నాకు అమెరికాలో ఎవరూ లేరు. మావాడు ఇంటర్ చదువుతున్నాడు, ఏడాదిలో పాదం రెండు సైజులు పెరిగింది. వాడు వదిలేసిన షూస్ గుమ్మం దగ్గర పడున్నాయి. రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే నాకు సరిపోయాయి. "పారెయ్యక్కర్లేదు, మంచి షూస్" అని మురిసిపోయాను కూడా.

మా పై అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ నన్ను నడకలోంచి పరుగులోకి లాగింది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. తర్వాత రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. పెళ్ళయ్యాక నేను పరుగెత్తింది కుక్కర్ విజిల్ కోసం, స్కూలు బస్సు కోసం. ఊరికే పరుగెత్తడమంటే మొదట్లో నవ్వొచ్చేది, చున్నీ ఎక్కడ కట్టుకోవాలో తెలిసేది కాదు. మూడు నెలలకి ఆగకుండా నాలుగు కిలోమీటర్లు పరుగెత్తాను. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఇడ్లీపిండి గిన్నె కడుగుతూ నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ తర్వాత మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు మీద కాలు పెట్టినట్టు ఉండేది. పది అడుగులు వేశాక తగ్గేది, మళ్ళీ మధ్యాహ్నం కాసేపు కూర్చుని లేస్తే మొదలు. ఫిజియోథెరపీ అబ్బాయి చూసి, అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా పట్టీలాంటి పొర ఉంటుందనీ, అది రేగిందనీ చెప్పాడు. నా షూ చేతిలోకి తీసుకుని రెండు చివర్లూ పట్టుకుని వంచాడు. పుల్కాలా సరిగ్గా మధ్యకి మడతపడింది. "మంచి షూ వేళ్ళ దగ్గర వంగాలమ్మా, నడుం దగ్గర కాదు. దీని ఫోమ్ చచ్చిపోయింది" అన్నాడు. పైన చూస్తే గుడ్డ చిరగలేదు, కింద రబ్బరు అరగలేదు. మధ్యలో ఉండే ఫోమ్ మాత్రం మావాడి ఫుట్‌బాల్ కింద నలిగి నలిగి ఎప్పుడో అణిగిపోయిందట. గడ్డ కట్టిన నీళ్ళ సీసా మీద అరికాలు దొర్లించమన్నాడు, గోడకి చేతులానించి పిక్క సాగదియ్యమన్నాడు. మూడుసార్లు పిలిచాడు. ఒక్కోసారికి ఆరు వందలు.

ఆ పద్దెనిమిది వందలు చెల్లించేటప్పుడు నాకు చెయ్యి వణకలేదు. అది వైద్యం. షూస్ కొనాలంటే మాత్రం పదిహేను రోజులు పట్టింది.

ఆ పదిహేను రోజుల్లో రాత్రిపూట ఫోన్లో చదివిందంతా ఇంతా కాదు. వెయ్యి రూపాయల లోపు షూస్ ఉన్నాయి. ఇరవై వేలు దాటినవీ ఉన్నాయి, వాటిలో కార్బన్ పలక పెడతారట, పందెం గెలిచేవాళ్ళ కోసం. నేను పందెం వేసుకునేది మా వీధి పాలబ్బాయితోనే కాబట్టి అవి పక్కన పెట్టాను. ఒక సంగతి మాత్రం గుర్తుండిపోయింది. 1971లో బిల్ బోవర్‌మన్ అనే అమెరికా కోచ్, షూ అడుగు భాగం ఎలా చెయ్యాలా అని ఆలోచిస్తూ, వాళ్ళావిడ వాఫిల్ పెనంలో రబ్బరు లాంటి ద్రావణం పోశాడట. పెనం అతుక్కుపోయి పాడైంది. ఆ గళ్ళ అచ్చుతోనే తర్వాత నైకీ వాళ్ళ పేరుపొందిన షూస్ వచ్చాయి. చదివి లేచి వెళ్ళి నా దోసె పెనం ఒకసారి చూసుకుని వచ్చాను. పదహారేళ్ళ పెనం. దాని మీద ఎవరైనా రబ్బరు పోస్తే నేనైతే ఊరుకోను, తర్వాత ఎంత పెద్ద కంపెనీ అయితే మాత్రం!

భోజనాల దగ్గర ఈ ప్రస్తావన తెస్తే మా ఆయన నవ్వుతూ, "1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా వట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడు తెలుసా?" అన్నారు. తెలియదు. వెతికి చూశాను, నిజమే. నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో మళ్ళీ గెలిచాడు, ఈసారి షూస్ వేసుకుని. ఆ రెండో సంగతి మర్నాడు టిఫిన్ దగ్గర చెప్పాను. ఆయన పెసరట్టు తుంచుకుంటూ "అయితే కొనుక్కో" అన్నారు. అంతే. అనుమతి ఇచ్చినట్టు కూడా లేదు, అసలది అడగాల్సిన విషయమే కానట్టు ఉంది. మరి నాకే ఎందుకంత బరువుగా ఉందో.

పాలలెక్క చీటీ వెనక్కి తిప్పి లెక్క వేశాను. ఒక జత షూస్ ఐదు వందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా వస్తాయంటారు. తక్కువే వేసుకుందాం, ఐదు వందలు. నేను వారానికి నాలుగు రోజులు, రోజుకి నాలుగు కిలోమీటర్లు, అంటే పదహారు. ఐదు వందలు పూర్తవడానికి ఏడు నెలలు పైచిలుకు. ఐదు వేల జత అయితే కిలోమీటరుకి పది రూపాయలు. వెయ్యి రూపాయల జత అందులో సగం దూరమే వచ్చిందనుకున్నా కిలోమీటరుకి నాలుగే పడుతుంది. "ఖరీదైనదే చివరికి చవక" అని తేలుతుందని ఆశపడ్డాను. తేలలేదు. లెక్క నా వైపు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మొన్న జూన్‌లో మా ఆయన స్కూటర్‌కి రెండు టైర్లూ మార్పించారు. ఎవరం లెక్క వెయ్యలేదు. గీతలు అరిగిపోయాయి, మార్చాలి, మార్చారు. మావాడి ఫుట్‌బాల్ స్టడ్స్ మూడు వేల రెండు వందలు, దానికీ పాలలెక్క చీటీ తిప్పలేదు. అమ్మాయి స్కూలు షూస్ నలుపు ఒకటి, తెలుపు ఒకటి, ప్రతి ఏడూ కొనడమే. ఈ ఇంట్లో ఒకరి కాలికి వేసుకునేదాన్ని కిలోమీటరుకి ఇంత అని కొలవడం ఇదే మొదటిసారి.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పకపోతే కుదరదు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. అమ్మ పొలం గట్టు మీదా, పెరట్లోనూ వట్టి కాళ్ళతోనే తిరిగేది. మంచి చెప్పుల జత ఒకటి ఎప్పుడూ ఉండేది, డబ్బాలో, అట్ట మీద అట్ట వేసి. పెళ్ళిళ్ళకి తీసేది, వచ్చాక తుడిచి లోపల పెట్టేది. యాభై దాటాక షుగర్ వచ్చింది. కాళ్ళు మొద్దుబారాయని ఎవరికీ చెప్పలేదు, ఆమెకే తెలిసి ఉండకపోవచ్చు. ఓ రోజు పెరట్లో గాజుపెంకు గుచ్చుకుంది. మూడు రోజులయ్యాక నేల మీద రక్తం మరక చూసి, ఎవరిదా అని వెతికితే అమ్మదే అని తేలింది. ఆ పుండు మానలేదు. చివరికి కుడికాలి రెండో వేలు తీసెయ్యాల్సొచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎంసీఆర్ చెప్పులు కొనిచ్చాం, షుగర్ వాళ్ళకి మెత్తటి రబ్బరుతో చేసేవి. ఇంట్లో కూడా వేసుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పారు. తర్వాత నెల నేను వెళ్ళేసరికి అవి గుమ్మం పక్కన, కొత్తగా, దుమ్ము పట్టి ఉన్నాయి. "రోజూ తొక్కితే అరిగిపోవూ?" అంది.

ఆ మాటకి నేను చాలాసార్లు కోపం తెచ్చుకున్నాను, నలుగురిలో చెప్పి నవ్వాను కూడా. ఈసారి పాలలెక్క చీటీ చేతిలో పట్టుకుని ఉండగా ఆ మాట గుర్తొస్తే నవ్వు రాలేదు.

డబ్బు నా దగ్గర ఉంది. సంక్రాంతికి అన్నయ్య పసుపు కుంకుమలకి ఇచ్చింది, కిరాణాలో మిగిల్చింది, చీరలకి ఫాల్స్ కుట్టి సంపాదించింది, అన్నీ కలిపి బీరువాలో చీరల అడుగున ఆరు వేల చిల్లర. కార్తీకమాసం మొదట్లో ఓ సాయంత్రం షాపుకి వెళ్ళాను. సాయంత్రమే వెళ్ళమని చదివాను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పరుగెత్తేటప్పుడూ అలాగే ఉబ్బుతాయి కాబట్టి. పరుగుకి వేసుకునే మేజోళ్ళు కూడా సంచిలో పట్టుకెళ్ళాను.

షాపు అబ్బాయి రెండు పాదాలూ కొలిచాడు. ఇరవై ఏళ్ళుగా ఆరో నంబరు చెప్పులు కొంటున్నదాన్ని, నాకు పరుగు షూ ఏడు కావాలన్నాడు. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలట. ఎడం పాదం కాస్త పెద్దది, దాని కొలతకే కొనాలి. ముందు ఆడవాళ్ళ వరుసలో చూపించాడు, అన్నీ గులాబీ, ఊదా రంగులే. రెండు వేల నాలుగు వందల జత వేళ్ళ దగ్గర పట్టేసింది. తొమ్మిది వేల జత తొడిగితే దూది పరుపు మీద నిలబడినట్టుంది. మెత్తగా ఉందని సంబరపడ్డాను గానీ నాలుగడుగులు పరుగెత్తేసరికి చీలమండ అటూ ఇటూ ఊగింది. ఖరీదైనది నాకు నప్పకపోవడం చూసి ఎంత ఊరట కలిగిందో! చివరికి మగవాళ్ళ వరుసలోంచి ఓ బూడిద రంగు జత తెచ్చాడు. ముందు భాగం వెడల్పుగా ఉంది, మడమ కదల్లేదు. కుర్తా మీద చున్నీ ముడేసుకుని, షాపు చివరి దాకా పరుగెత్తి వచ్చాను. పెళ్ళి షాపింగుకి వచ్చిన ఓ కుటుంబం పక్కకి జరిగి దారిచ్చింది. సిగ్గేసింది, అయినా ఇంకోసారి పరుగెత్తాను.

నాలుగు వేల ఎనిమిది వందలు. బిల్లు దగ్గర ఆ అబ్బాయే చెప్పాడు, 2025 సెప్టెంబరు 22 నుంచి రెండున్నర వేల దాకా ఉన్న జతకి జీఎస్టీ ఐదు శాతమే, పైబడితే పద్దెనిమిది. నేను గీత దాటినదాన్ని. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను.

ఇంటికొచ్చి చెప్పిన అబద్ధం మొదట్లోనే చెప్పేశాను కదా. అది మూడో రోజుకి బయటపడింది. మావాడు ఆ డబ్బాలో ప్రాజెక్టు సామాను పెట్టుకుందామని హాల్లోకి తెచ్చాడు. సగం ఊడిన కాగితం మీద 4 అంకె స్పష్టంగా ఉంది. మా ఆయన చూశారు, నా వైపు చూశారు. "ఇందులో దాచేదేముంది? నేనేమైనా అంటానా?" అన్నారు. గొంతులో కోపం లేదు, కొంచెం నొచ్చుకున్నట్టుంది. అనరు. ఎప్పుడూ అనలేదు. ఆ మాటే చెప్పి, "మీకు కాదండీ, నాకే చెప్పుకోలేకపోయాను" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో తెలీదు. మావాడు మాత్రం "అమ్మా, నా పాతవి మడమ దగ్గర చిల్లు పడ్డాయని నీకు చెప్పానుగా, ఎందుకేసుకున్నావు?" అన్నాడు. చెప్పాడేమో. నేను విననట్టున్నాను.

ఇది రాస్తున్న రోజుకి ఆ షూస్ రెండు వందల పన్నెండు కిలోమీటర్లు తిరిగాయి. వంటింటి క్యాలెండర్లో పాలు రాని రోజుల పక్కనే కిలోమీటర్లు రాస్తున్నాను. మడమ నొప్పి పూర్తిగా పోలేదు. షూస్ వల్ల తగ్గిందో, సీసా దొర్లించడం వల్ల తగ్గిందో చెప్పలేను గానీ మేకు మాత్రం ముల్లు అయింది. షుగర్ పరీక్ష వచ్చే నెల. వాన పడిన రోజున ఓసారి "ఇవాళ వేసుకుంటే మట్టవుతాయి" అనిపించి పాతవి వెతికాను. దొరకలేదు, మావాడు పారేశాడట.

వచ్చే ఎండాకాలం చివరికి మళ్ళీ కొత్త జత కొనాలి. అందుకని పరుగెత్తి వచ్చిన ప్రతి పొద్దునా పాత హార్లిక్స్ సీసాలో నలభై రూపాయలు వేస్తున్నాను, కిలోమీటరుకి పది లెక్కన. సీసా పోపుల డబ్బా పక్కనే, అందరికీ కనబడేలా పెట్టాను. నిన్న కొత్తిమీరకి చిల్లర లేక అందులోంచి ఇరవై తీశాను. అవి ఇవాళ వెయ్యాలి.