కండకి విశ్రాంతి పడదు

వాడకపోతే కండ ఎండిపోతుంది అంటాం. మూలన పడేసిన స్కూటరుకి తుప్పు పట్టినట్టు అదేదో దానంతటదే జరిగిపోతుందని మన లెక్క. కాదుట! ఒళ్ళే పని పెట్టుకుని మరీ విప్పేస్తుంది.

కండలో ప్రోటీన్ల తయారీ, కూల్చివేత రెండూ రోజూ నడుస్తూనే ఉంటాయి. తయారీ వైపు పెద్ద దిక్కు ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫాక్టర్. అది కణంలో ఏకేటీ అనే ప్రోటీన్‌ని లేపుతుంది. ఏకేటీ కొత్త ప్రోటీన్లు కట్టిస్తూనే, ఫాక్సో అనే కూల్చివేత మేస్త్రీని కేంద్రకం గుమ్మం బయటే ఆపుతుంది. కాలు కదలకపోతే ఈ కాపలా సడలుతుంది. ఫాక్సో లోపలికెళ్ళి అట్రోజిన్-1, మర్ఫ్-1 జన్యువుల్ని ఆన్ చేస్తుంది (ఈ రెంటి సంగతి 2001లో బయటపడింది). అవి ప్రోటీన్లకి "పారెయ్యి" అని యుబిక్విటిన్ చీటీ అంటిస్తాయి, చీటీ ఉన్నవాటిని ప్రోటియసోమ్ నమిలేస్తుంది. మన గార్బేజ్ కలెక్టరే అనుకోండి, కాకపోతే పనికొచ్చే ఆబ్జెక్టుల్ని కూడా లేపేసే రకం :)

మనుషుల్లో మాత్రం కూల్చివేత పెరగడం కన్నా తయారీ పడిపోవడమే పెద్ద కారణమని చాలామంది పరిశోధకులు అంటారు. ఎలా చూసినా నష్టం కండకే.

ఇంకోపక్క మయోస్టాటిన్ అని ఒక బ్రేకు. 1997లో జాన్స్ హాప్కిన్స్‌లో సే-జిన్ లీ బృందం ఆ జన్యువు తీసేస్తే చిట్టెలుకలకి రెండుమూడింతల కండ వచ్చింది. 2019 డిసెంబరులో అలాంటి ఎలుకల్ని అంతరిక్ష కేంద్రానికి పంపారు. భారం లేని చోట మామూలు ఎలుకలు చిక్కిపోయాయి, ఇవి చాలావరకు నిలబెట్టుకున్నాయి.

"మరి ఆ బ్రేకు తీసే ఇంజెక్షన్ లేదా?" అన్నాడు మా టీంలో ఒకడు. అంత సులువా! డుషెన్ కండరాల జబ్బున్న పిల్లల్లో అలాంటి మందునే పరీక్షించి, ఫలితం కనబడక ఫైజర్ 2018లో ఆపేసింది.

ఇదంతా చదవడానికి కారణం మా నాన్నగారు. బాత్రూంలో జారి కాలు విరిగింది, పిండికట్టు వేశారు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "కదలకండి బావగారూ" అనేవాళ్ళే. కట్టులోనే తొడ బిగించి వదలమని, వేళ్ళు ఆడించమని ఫిజియోథెరపిస్టు చెప్తే మా మేనత్త ఆవిడ మీదే విరుచుకుపడింది, "విరిగిన కాలితో కసరత్తేమిటమ్మా, విడ్డూరం!" అని. అరవై దాటాక పోయిన కండ కుర్రాళ్ళకి వచ్చినంత త్వరగా తిరిగిరాదు. కట్టు తీశాక కాలు నిలవక మళ్ళీ పడితే? నా భయమల్లా అదే.

ఫాక్సో గురించి నాన్నగారికి చెప్పి చూశాను. "దీనికేనా మీ ఆఫీసులో జీతమిచ్చేది?" అన్నారు. చివరికి టీవీలో క్రికెట్ చూస్తూ ఓవర్‌కి పదిసార్లు తొడ బిగించేలా ఒప్పందం కుదిరింది. వికెట్ పడితే అదనం. ఈ వారం అన్నీ ట్వంటీ20లే, ఒక టెస్టు మాచి ఉంటే బావుండు.