అందరి ఎదుటే

గలతీ పత్రిక రెండో అధ్యాయం దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. బర్నబా కూడా అదే దారి పట్టాడు. పౌలు చాటున గొణగలేదు, అందరి ఎదుటే నిలదీశాడు. చిన్నబుచ్చుకున్నవాళ్లకూ ఆ మాట వినబడాలి కదా! స్వేచ్ఛ ఉన్నది ప్రేమతో ఒకరికొకరు పనికిరావడానికేనని ఐదో అధ్యాయంలో తేల్చిందీ ఆయనే. పేతురు పేరిట ఉన్న రెండో పత్రిక చివర్లో పౌలు ప్రియమైన సోదరుడిగానే కనిపిస్తాడు. మాట పడ్డా బంధం తెగలేదు.

మన సంఘాల్లోనూ కులం చూసి విస్తరి దూరం జరిపేవాళ్లున్నారు. పెద్దలైనా సరే, ఎదురుగా చెప్పండి. చెప్పి, వాళ్లింటికి వెళ్లి కలిసి ప్రార్థన చేయండి.