బంతి నేర్పిన పాఠం

పిల్లలూ! త్రీడీ యానిమేషన్ నేర్చుకోవటానికి కాలేజీలో చేరిన కొత్తలో మాకిచ్చిన మొదటి పని ఏమిటో తెలుసా? ఒక బంతిని నేలమీద ఎగిరేటట్టు చెయ్యటం!

"ఓస్, ఇంతేనా!" అనుకున్నాను. పైన ఒకచోట, నేలమీద ఒకచోట బంతిని పెట్టాను. మధ్య బొమ్మలన్నీ కంప్యూటరే నింపింది. ఇంటికి వెళ్ళి తమ్ముడికి చూపించాను. వాడు పకపకా నవ్వి, "అక్కా, ఇది బంతి కాదు, గాలిబుడగ!" అన్నాడు.

నిజమే! నేలను తాకబోతూ బంతి మెల్లబడుతున్నది. నాకు ఏడుపు వచ్చింది. నా ఫీజుకోసం నాన్న అప్పు చేశారు. బంతే చేతకానిదానికి ఈ చదువెందుకు?

తమ్ముడు తన రబ్బరు బంతి తెచ్చి, "దీన్ని చూసి నేర్చుకోరాదూ?" అన్నాడు. వాడు 120 సెంటీమీటర్ల ఎత్తునుంచి దాన్ని వదిలాడు. నేను ఫోనుతో, సినిమాలో లాగా సెకనుకు 24 బొమ్మల చొప్పున తీసి, ఒక్కొక్కటే చూశాను. మొదట్లో, ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు బంతి సెంటీమీటరైనా దిగలేదు. నేల దగ్గర మాత్రం సుమారు 20 సెంటీమీటర్లు దిగింది! బళ్ళో బట్టీపట్టిన భూమ్యాకర్షణ పాఠం నాకు ఆనాడు అర్థమయింది.

ఆ లెక్కన నా బంతిని దిద్దాను. ఈసారి తమ్ముడు నవ్వలేదు. పట్టుకోబోతున్నవాడిలాగా తెరముందు రెండు చేతులూ చాచాడు!